ఇంటి దగ్గరి యూనివర్సిటీయా, అయోవాలో చిన్న కాలేజీయా? మే 1 లోపు తేల్చుకోవాలి

ఫ్రిస్కో అమ్మ (టెక్సాస్)

నమస్కారమండీ. మా పెద్దమ్మాయి ఈ ఏడాది హైస్కూలు పూర్తి చేస్తోంది. మూడు చోట్ల సీటు వచ్చింది. ఇంట్లో ముగ్గురం మూడు మాటల మీద ఉన్నాం.

ఒకటి యూటీ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్. ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. ఫీజు, పుస్తకాలు, కారు ఖర్చు అన్నీ కలిపి ఏడాదికి 18 వేల డాలర్లు అనుకుంటున్నాం. రెండోది అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీ. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు, అంటే సైన్సు, సాహిత్యం, తత్వశాస్త్రం అన్నీ కలిపి చదువుకునే చిన్న కాలేజీ. హాస్టలు, భోజనంతో కలిపి 85 వేలు. వాళ్లిచ్చిన సాయం పోను మా చేతి నుంచి 52 వేలు పడుతుంది. మూడోది పెన్సిల్వేనియాలో వెయ్యిమంది విద్యార్థులు కూడా లేని కాలేజీ. స్కాలర్‌షిప్ పోను 31 వేలు. దాని పేరు రాయను, ఎందుకంటే ఆ కాలేజీ నాలుగేళ్లూ నిలబడుతుందా అని నాకొక భయం ఉంది, ఊరికే ఒకరిని అప్రదిష్టపాలు చేయడం నాకిష్టం లేదు.

అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. ఖాళీ దొరికితే తత్వశాస్త్రం పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ప్రోగ్రామింగ్ వచ్చు గానీ దాని కోసమే పుట్టినట్టు ఉండదు. మావారేమో "మా ఆఫీసులో ఎవరినడిగినా గ్రిన్నెల్ పేరు విన్నవాడు లేడు" అంటున్నారు.

ఇంకో చిక్కు. మాది హెచ్-1బీ. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషను) ఆమోదమై గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. అమ్మాయి హెచ్-4 మీద, అంటే మా మీద ఆధారపడిన వీసా మీద ఉంది. అది 21 నిండేదాకానే చెల్లుతుంది, కాలేజీ మూడో సంవత్సరంలో తనకు 21 నిండుతాయి. ఇలాంటి కాలేజీల్లో పిల్లలను చదివించినవారు, తామే చదివినవారు ఉంటే చెప్పండి.

ఎడిసన్ లెక్క (న్యూజెర్సీ)

సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. 52కూ 18కీ తేడా 34 వేలు. నాలుగేళ్లకు లక్షా 36 వేల డాలర్లు. ఆ డబ్బు దాచిపెడితే అమ్మాయి తనకిష్టమైన చోట మాస్టర్స్ చేసుకోవచ్చు, ఇంకా మిగులుతుంది. డాలస్ చుట్టుపక్కల కంపెనీలకు కొదవ లేదు. రెండో ఏడాది వేసవికల్లా ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది. మొక్కజొన్న చేల మధ్య ఊళ్లో తత్వశాస్త్రం చదివి వచ్చిన పిల్లను ఏ కంపెనీ పిలుస్తుంది? పచ్చకార్డు ఉన్నవాళ్లు చేసే షోకులు వరుసలో నిలబడ్డవాళ్లు చేయకూడదని నా అభిప్రాయం.

ఎర్ర సిరా (ఒహాయో)

నేను ఒహాయోలో ఇలాంటి ఒక చిన్న కాలేజీలో గణితం చెబుతాను. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, దాన్ని తీసేసి చదువుకోండి.

ముందు గ్రిన్నెల్ గురించి. 1846లో పెట్టిన కాలేజీ. విద్యార్థులు సుమారు 1,700. పీజీ లేదు, పీహెచ్‌డీ లేదు, డిగ్రీ పిల్లలే సర్వస్వం. అక్కడ అందరూ తప్పనిసరిగా చదవాల్సిన కోర్సు ఒక్కటే, మొదటి సెమిస్టరులో ట్యుటోరియల్ అని ఉంటుంది. పది పన్నెండు మంది పిల్లలు, ఒక ప్రొఫెసరు, ఏదో ఒక అంశం. అసలు పని మాత్రం రాయడం, చదవడం, వాదించడం. ఆ ప్రొఫెసరే మేజర్ (డిగ్రీకి ముఖ్య సబ్జెక్టు) ఎంచుకునేదాకా ఆ పిల్లలకు సలహాదారు. మిగిలిన కోర్సులన్నీ ఆయనతో కూర్చుని ఎంచుకోవాలి. ఇది వినడానికి స్వేచ్ఛగా ఉంటుంది, కానీ తనకేం కావాలో నోరు విప్పి చెప్పలేని పిల్లలు ఇక్కడ తేలిపోతారు.

మీవారి ఆఫీసులో ఎవరూ గ్రిన్నెల్ పేరు వినలేదన్నారు కదా. ఆ ఆఫీసు కంప్యూటర్లలో ఇంటెల్ చిప్‌లు ఉండే ఉంటాయి. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ 1949లో గ్రిన్నెల్ నుంచే డిగ్రీ తీసుకున్నారు. రసాయనశాస్త్రంలో 1989 నోబెల్ అందుకున్న థామస్ చెక్ కూడా అక్కడివారే. క్రిస్పర్ జన్యు సవరణకు 2020లో నోబెల్ పొందిన జెన్నిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో చదివారు, అదీ ఇదే కోవ. పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీలో అయితే ఒక చిన్న అణు రియాక్టరు ఉంది. ఇంజనీరింగ్ శాఖే లేని కాలేజీ అది. రియాక్టరును లైసెన్సు పరీక్ష పాసైన డిగ్రీ విద్యార్థులే నడుపుతారు. మా భౌతికశాస్త్రం వాళ్లకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా కడుపుమంట.

అయితే పేర్లు చూసి సీటు తీసుకోకండి. గదిలో ఏం జరుగుతుందో చూడండి. మొన్న మొదటి ఏడాది కుర్రవాడొకడు రెండు వర్గమూలం కరణీయ సంఖ్య (పీ బై క్యూ భిన్నంగా రాయలేనిది) అని నిరూపణ రాసుకొచ్చాడు. "పీ వర్గం సరిసంఖ్య, కాబట్టి పీ సరిసంఖ్య" అని ఒక్క గెంతు గెంతాడు. పక్కన ఎర్ర సిరాతో "ఎందుకు?" అని రాసి తిప్పి పంపాను. సాయంత్రం నా గదికి వచ్చి బోర్డు దగ్గర నిలబడ్డాడు. బేసిసంఖ్య వర్గం బేసే అవుతుందని తానే తేల్చుకునేదాకా నేను నోరు మెదపలేదు. మళ్లీ రాసుకొచ్చాడు, ఈసారి భాష బాగాలేదని మళ్లీ పంపాను. మూడు వందల మంది కూర్చునే తరగతిలో ఆ పేపరు దిద్దేది ఒక పీజీ విద్యార్థి. అర మార్కు కోసి ఊరుకుంటాడు. పాపం అతని తప్పేం లేదు, అతని ముందు ఇంకా రెండొందల పేపర్లుంటాయి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. మా శాఖలో పాఠం చెప్పేవాళ్లం కొద్దిమందిమే. ఒకరు పరిశోధన సెలవు మీద వెళితే వారు చెప్పే పై స్థాయి కోర్సు ఆ ఏడాది ఉండదు. కేటలాగులో పేరు మాత్రం దర్జాగా ఉంటుంది. అందుకని కేటలాగు చూడకండి, గత రెండేళ్లలో నిజంగా నడిచిన కోర్సుల జాబితా అడగండి. కంప్యూటర్ సైన్స్‌లో ఇది మరీ ముఖ్యం.

గుంటూరు బాబాయి (గుంటూరు)

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా మనవడు కాలిఫోర్నియాలో ఉన్నాడు, వాడి పుణ్యమా అని ఇవన్నీ చదువుతుంటాను.

మీరు కొత్త వింతలా మాట్లాడుకుంటున్నారు గానీ ఈ తరహా చదువు మనకు మరీ దూరపుదేం కాదు. మా ఊళ్లో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీని 1885లో పెట్టింది అమెరికా లూథరన్ మిషనరీలు. అదే లూథరన్ సంప్రదాయంలో పెన్సిల్వేనియాలో 1832లో పుట్టిన కాలేజీయే నేటి గెటిస్‌బర్గ్ కాలేజీ. ఒకప్పుడు మా దగ్గర కూడా ఫిజిక్స్ చదివేవాడు తెలుగు వ్యాకరణం తరగతిలో కూర్చునేవాడు, సాయంత్రం మాస్టారి వాకిట్లో చేరి వాదనలు పెట్టుకునేవాడు. తర్వాత ఎంసెట్ వచ్చింది, కార్పొరేట్ కాలేజీలు వచ్చాయి, అరుగులూ పోయాయి, వాదనలూ పోయాయి.

బంధువులు ఏమనుకుంటారో అన్న చింత మాత్రం పెట్టుకోవద్దు. వాళ్లకు గ్రిన్నెల్ తెలియదు సరే, యూటీ డాలస్ మాత్రం తెలుసా? "అమెరికాలో చదువుతోంది" అంటే చాలు వాళ్లకు.

ఫ్రిస్కో అమ్మ

బాబాయి గారూ, మీ చివరి మాటకు మావారు చాలా సేపు నవ్వారు.

ఎర్ర సిరా గారూ, మా అమ్మాయి మీ పోస్టు రెండుసార్లు చదివి "బేసిసంఖ్య వర్గం" అనుకుంటూ లోపలికి వెళ్లింది. హెచ్-4 సంగతి ఎవరైనా చెప్పగలరా? ఎఫ్-1కు (విద్యార్థి వీసాకు) మారితే ఫీజు మారుతుందని ఒకరు, మారదని ఒకరు చెబుతున్నారు.

వరుసలో ఉన్నాం (నార్త్ కరోలినా)

మా అబ్బాయికి ఇదంతా అయింది కాబట్టి చెప్పగలను.

ప్రైవేటు కాలేజీలకు హెచ్-4 పిల్లలు లెక్క ప్రకారం విదేశీ విద్యార్థులే. ఇక్కడ కిండర్‌గార్టెన్ నుంచి చదివినా సరే. ఫెడరల్ సాయం ఉండదు, కాలేజీ సొంత డబ్బులోంచి ఇస్తేనే. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు "వీళ్లకు సాయం అవసరమా" అని చూడకుండా విదేశీ పిల్లలను తీసుకునే కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆమ్‌హర్స్ట్ వాటిలో ఒకటి, బోడిన్ 2022లో చేరింది. మిగతావాళ్లు ఆ లెక్క చూసుకునే సీటిస్తారు. మీకు సీటూ సాయమూ రెండూ వచ్చాయంటే ఆ గండం గడిచినట్టే.

ఇప్పుడు అసలు విషయం. ప్రైవేటు కాలేజీలో ఫీజు అందరికీ ఒకటే. 21 నిండి ఎఫ్-1కు మారినా ఫీజు పెరగదు. ఎందుకంటే మిమ్మల్ని మొదటి రోజు నుంచీ విదేశీ లెక్కలోనే వేశారు. ప్రభుత్వ యూనివర్సిటీలో అలా కాదు. టెక్సాస్‌లో హెచ్-4 పిల్లలు నివాస నియమాలు తీరిస్తే రాష్ట్ర విద్యార్థుల ఫీజే కడతారు, అది పెద్ద వరం. కానీ ఎఫ్-1 కాగానే అదే ఫీజు కొనసాగుతుందా, లేక బయటి రాష్ట్రాల ఫీజు వేస్తారా? ఈ ప్రశ్నను యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట నీటి మీద రాత.

ఇంకా కొన్ని. హెచ్-4 మీద క్యాంపస్‌లో కూడా పని చేయకూడదు. ఎఫ్-1 అయితే తరగతులు నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో చేయవచ్చు. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) కావాలంటే ఎఫ్-1 ఉండాలి. ఇప్పటి నియమాల ప్రకారం 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) మేజర్ అయితే మరో 24 నెలలు. గణితం, కంప్యూటర్ సైన్స్ ఎలాగూ స్టెమ్. ఒక్క తత్వశాస్త్రమే మేజర్‌గా తీసుకుంటే ఆ 24 నెలలు రావు. కాబట్టి గణితం మేజర్‌గా ఉంచి దానితో పాటు తత్వశాస్త్రం చదవమనండి. ఎకనామిక్స్ మీద మనసుంటే ఆ కాలేజీ దాన్ని స్టెమ్ కోడ్ కింద పెట్టిందా లేదా అడగండి. చాలా చిన్న కాలేజీలు ఈమధ్య అలా మార్చుకున్నాయి.

మరొక మెలిక కూడా ఉంది. విదేశీ విద్యార్థి చేరేటప్పుడు సాయం అడగకపోతే తర్వాతి ఏళ్లలో ఇవ్వం అని చాలా కాలేజీల్లో నియమం. మీరు అడిగారు కాబట్టి ఇబ్బంది లేదు. మధ్యలో గ్రీన్ కార్డు వస్తే సాయాన్ని మళ్లీ లెక్కిస్తారా అనేది మాత్రం తప్పకుండా అడగండి.

బాలెన్స్ షీటు (బోస్టన్)

నాది ఆడిటింగ్ వృత్తి, కాలేజీల లెక్కలు చూడటం కొంత అలవాటు. నేను మాట్లాడేది మూడో కాలేజీ గురించి.

ఆ స్కాలర్‌షిప్ చూసి పొంగిపోకండి. ప్రైవేటు కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకు ప్రకటించిన ఫీజులో సగటున సగానికి పైగా తగ్గించే తీసుకుంటున్నాయి. పండగ ముందు బట్టల దుకాణం ధర పెంచి సగం తగ్గింపు బోర్డు పెట్టినట్టే ఇదీ. దాని వల్ల మీకు నష్టమేం లేదు. నష్టం ఎక్కడంటే, పిల్లలు చాలక తగ్గింపు మీద తగ్గింపు ఇస్తూ వచ్చే కాలేజీకి ఒక రోజు జీతాలకు డబ్బు చాలదు.

ఇది ఊహ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1868లో పెట్టిన వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివరలో, సెమిస్టరు పూర్తి కావస్తుండగా, ఇక తెరవబోమని ప్రకటించింది. అదే ఏడాది మే 31న అలబామాలో బర్మింగ్‌హామ్-సదరన్ మూతపడింది. విచిత్రం చూడండి, కాలేజీ మూసిన రోజున వాళ్ల బేస్‌బాల్ జట్టు జాతీయ పోటీల్లో ఆడుతోంది. మా మసాచుసెట్స్‌లోనే 2018లో మౌంట్ ఐడా హఠాత్తుగా మూసేశారు. వర్జీనియాలో స్వీట్ బ్రయర్ 2015లో మూసేస్తామంటే పూర్వ విద్యార్థినులు చందాలు వేసి, కోర్టుకెక్కి నిలబెట్టారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

మధ్యలో మూతపడితే అందరు పిల్లలూ వేరే కాలేజీ వెతుక్కుంటారు. మీ అమ్మాయికి అయితే అది వీసా సమస్య కూడా.

మీరే చూసుకోగల ఆధారాలున్నాయి. లాభాపేక్ష లేని ప్రైవేటు కాలేజీలు చాలావరకు ఏటా పన్ను శాఖకు ఫారం 990 అనే ఆదాయవ్యయాల పత్రం దాఖలు చేయాలి, అది ప్రజలు చూడవచ్చు. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వెబ్‌సైటులో కాలేజీ పేరు కొడితే వస్తుంది. వరుసగా మూడు నాలుగేళ్లవి తెరిచి ఆదాయం కన్నా ఖర్చు ఎక్కువ ఉందా చూడండి. ఒక ఏడాది లోటు ఎవరికైనా వస్తుంది, ఏటా లోటే అయితే జాగ్రత్త. విద్యాశాఖ ప్రైవేటు కాలేజీలకు ఆర్థిక బాధ్యత స్కోరు వేస్తుంది, మైనస్ 1 నుంచి 3 దాకా. 1.5 గానీ అంతకు మించి గానీ వస్తే పాసు. తర్వాత మొదటి ఏడాది పిల్లల్లో రెండో ఏడాదికి ఎంతమంది తిరిగి వస్తున్నారో చూడండి. కామన్ డేటా సెట్ అని కాలేజీ పేరుతో వెతికితే చాలా కాలేజీలకు దొరికే పత్రం ఉంటుంది. అందులో బీ విభాగంలో ఈ లెక్క, ఐ విభాగంలో తరగతిలో ఎంతమంది కూర్చుంటారన్న లెక్క, హెచ్ విభాగంలో విదేశీ విద్యార్థులకు ఎంతమందికి ఎంత సాయం ఇచ్చారన్న లెక్క ఉంటాయి. ఆకర్షణీయమైన బ్రోషరులో ఇవేవీ ఉండవు.

గ్రిన్నెల్‌కు ఆ బెంగ లేదు. 1,700 మంది పిల్లలకు 200 కోట్ల డాలర్లకు మించిన నిధి ఉంది. నాయిస్ ధర్మకర్తగా ఉండగా ఇంటెల్ మొదలైనప్పుడే కాలేజీ చేత పెట్టుబడి పెట్టించారు. వారెన్ బఫెట్ కూడా ధర్మకర్తగా ఉండేవారు. అది దాని జాతకం. అందరు చిన్న కాలేజీలనూ ఒకే గాటన కట్టకండి.

గ్రిన్నెల్‌ను అడగాల్సింది వేరే ఉంది. ఫీజు ఏటా పెరుగుతుంది. 85 వేల మీద ఏటా 4 శాతం చొప్పున పెరిగితే నాలుగో ఏడాదికి 95 వేలు దాటుతుంది. మీకిచ్చిన సాయం అలాగే ఉండిపోతే నాలుగేళ్లలో మీ మీద అదనంగా 20 వేలకు పైగా పడుతుంది. సాయం కూడా పెరుగుతుందా, ఏ మార్కులు తగ్గితే ఆగిపోతుంది? ఈ రెండూ రాతలో తీసుకోండి.

ఎడిసన్ లెక్క

బాలెన్స్ షీటు గారు నా వైపే మాట్లాడారని అనుకుంటున్నాను. 52 కాదు, చివరికి 62 అవుతుంది.

బాలెన్స్ షీటు

నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. 18 కూడా 18గానే ఉంటుందన్న హామీ లేదని వరుసలో ఉన్నాం గారు చెప్పారు కదా. రెండు వైపులా ఒకే కొలత పెట్టండి.

చలిలో చదువు (షికాగో)

నేను గ్రిన్నెల్‌లో చదివాను. మాది కరీంనగర్. అమ్మా నాన్నా అక్కడే ఉండగా ఎఫ్-1 మీద వచ్చాను. కాబట్టి ఆంటీ వాళ్ల అమ్మాయికి ఉన్నంత అలవాటు కూడా నాకు అమెరికాతో లేదు.

ఊరు చాలా చిన్నది. పదివేల మంది కూడా ఉండరు. డెమోయిన్ విమానాశ్రయం నుంచి గంట ప్రయాణం. క్యాంపస్ మధ్య నుంచి రైలు పట్టాలు పోతాయి. మొదటి వారం గూడ్సు బండి కూత వినిపించిన ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని, దసరా నాటికి అది వినిపించడమే మానేసింది. భోజనశాల ఒక్కటే, అందరూ అక్కడే తినాలి. శాకాహారం దొరుకుతుంది. పప్పన్నం రుచి కావాలంటే హాస్టలు వంటగదిలో మనమే వండుకోవాలి. కుక్కరు కూతకు పక్క గదుల వాళ్లు వచ్చి కూర్చునేవారు. జనవరిలో చలి ఎముకలు కొరుకుతుంది. డాలస్ పిల్లలకు ఇది ముందుగా చెప్పాలి.

ప్రొఫెసర్లు పేరుతో పిలుస్తారు, మనం రెండు రోజులు కనిపించకపోతే మెయిల్ పెడతారు. అది కొందరికి ధైర్యం, కొందరికి ఊపిరాడనితనం. దాక్కోవడానికి చోటు లేదు. మా స్నేహితురాలొకామె ఈ కారణంగానే రెండో ఏడాది పెద్ద యూనివర్సిటీకి మారిపోయింది, అక్కడ హాయిగా ఉంది.

కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సు నేను చదివినప్పుడు స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చెప్పేవారు. ఇద్దరిద్దరం ఒక కంప్యూటరు ముందు కూర్చుని చేయాలి, ఒకరు టైపు చేస్తే ఒకరు ఆలోచించాలి. మన పిల్లలకు "ఇదేం భాష, ఉద్యోగానికి జావా కదా కావాలి" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. తర్వాత ఏ భాష వచ్చినా ఒక వారంలో పట్టుబడటం మొదలైంది. ఆ శాఖలో సీట్లకు గిరాకీ ఎక్కువ, కావాల్సిన కోర్సు కావాల్సిన సెమిస్టరులో దొరకకపోవచ్చు.

ఉద్యోగం సంగతి. పెద్ద కంపెనీలు వరుసకట్టి క్యాంపస్‌కు రావు, ఎడిసన్ లెక్క గారు చెప్పింది నిజం. పూర్వ విద్యార్థులకు మెయిల్ పెట్టుకుంటూ వెతుక్కోవాలి. వాళ్లు జవాబిస్తారు, ఎందుకంటే మొత్తం కలిపినా కొద్దిమందే కాబట్టి ఒకరంటే ఒకరికి అభిమానం. నాకు షికాగోలో ఉద్యోగం అలాగే వచ్చింది. అడగడానికి మొహమాటపడే పిల్లలకు మాత్రం కష్టం.

తడ దారి (నెల్లూరు)

కొంచెం పక్కకు వెళుతున్నాను, మన్నించండి. మా అబ్బాయి శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో చదువుతున్నాడు. తిరుపతి జిల్లాలో, తడ దగ్గర. మన దేశంలో ఇలాంటి చదువు ఇప్పుడిప్పుడే పాకుతోంది. సోనీపత్‌లో అశోకా 2014లో మొదలైంది, క్రియా 2018లో. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది.

మావాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఇంజనీరింగ్ వద్దన్నాడు. ఇంట్లో పెద్ద యుద్ధం. ఇప్పుడు వాడు జీవశాస్త్రంతో పాటు చరిత్ర చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు పులికాట్ సరస్సు గురించి, ఫ్లెమింగోల గురించి, పక్కనే పుట్టిన ఫ్యాక్టరీల గురించి మాతో వాదిస్తాడు. నేలపట్టు పక్కనే పుట్టి పెరిగిన నేను ఆ పక్షులను ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు.

ఫీజు మాత్రం మామూలు డిగ్రీ కాలేజీతో పోల్చలేం, చాలా ఎక్కువ. ఉద్యోగం ఏమొస్తుందో ఇంకా చూడాలి. చిన్న చోట చేర్చేటప్పుడు ఒకటి గమనించాను. తోటి పిల్లల్లో ఎక్కువమంది పెద్ద నగరాల ఇంగ్లిష్ స్కూళ్ల వాళ్లు. మావాడికి మొదటి ఏడాది నోరు పెగల్లేదు. ఆ ఇబ్బందిని కాలేజీ ఎలా చూసుకుంటుందో ముందే అడగాల్సింది అనిపిస్తుంది.

ఎడిసన్ లెక్క

అందరూ కథలు చెబుతున్నారు, బాగున్నాయి. కుదిరినవాళ్లే వచ్చి చెబుతారు, కుదరనివాళ్లు రారు. ఇంకో దారి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను. యూటీ డాలస్‌లోనే హాబ్సన్ వైల్డెన్‌థాల్ ఆనర్స్ కాలేజీ ఉంది. అందులో చిన్న తరగతులు, చర్చలు అన్నీ ఉంటాయి. ముప్పై వేల మంది ఉన్న చోట చిన్న కాలేజీ దొరికినట్టే. దానికి దరఖాస్తు పెట్టారా?

ఎర్ర సిరా

ఇది మంచి సూచన. నేను కూడా ఇదే అడుగుదామనుకున్నాను. ఒక్క తేడా గమనించండి. ఆనర్స్‌లో చిన్న తరగతులు కొన్నే. మేజర్ కోర్సులు ఎక్కువగా అందరితోనే. అయినా మీ అమ్మాయి లెక్కలు ముందుకు పోయి ఉంటే, అక్కడ పీజీ కోర్సులు కూడా అందుబాటులో ఉంటాయి. ఆ సౌకర్యం నా కాలేజీలో లేదు, గ్రిన్నెల్‌లోనూ లేదు. రియల్ అనాలిసిస్ (గణితంలో పై స్థాయి కోర్సు) రెండో ఏడాదికే ముగించేసే పిల్ల అయితే నేను పెద్ద యూనివర్సిటీకే పంపమంటాను.

ఫ్రిస్కో అమ్మ

అందరికీ ఎంతో రుణపడ్డాను. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా అడిగాం.

పెన్సిల్వేనియా కాలేజీ 990లు తెరిచాం. నాలుగేళ్లూ లోటే. రెండో ఏడాదికి మూడో వంతు పిల్లలు తిరిగి రావడం లేదు. దాన్ని వదిలేశాం.

యూటీ డాలస్ వాళ్ల జవాబు రాతలోనే వచ్చింది గానీ "అప్పటి నియమాలను బట్టి, అప్పటి పత్రాలను బట్టి నిర్ణయిస్తాం" అని. అంటే హామీ లేదు. ఆనర్స్‌కు గడువు దాటిపోలేదు కానీ అమ్మాయి దరఖాస్తు పెట్టనంది.

గ్రిన్నెల్ వాళ్లు ఫీజు పెరిగినప్పుడు మా సాయాన్ని ఎలా లెక్కిస్తారో రాసి పంపారు. మేం భయపడ్డంత లేదు. గత రెండేళ్లలో గణితంలో నడిచిన కోర్సుల జాబితా కూడా పంపారు. అమ్మాయి అది చూసి తనకు కావాల్సినవి గీతలు గీసుకుంది. మా పిల్ల లెక్కల్లో చురుకే గానీ రెండో ఏడాదికే అన్నీ ముగించేసే రకం కాదు, అది తనే చెప్పింది.

మావారూ తనూ కలిసి వెళ్లి చూసి వచ్చారు. తరగతిలో కూర్చోనిచ్చారట. ఆ తరగతిలో ఒక విద్యార్థిని ప్రొఫెసరు చెప్పినదాన్ని కాదంటే, ఆయన "ఇటు రా, రాసి చూపించు" అని సుద్దముక్క ఇచ్చి తాను వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నారట. మావారు తిరిగొచ్చాక ఫీజు గురించి మాట్లాడారు, కారు గురించి మాట్లాడారు, ఆఫీసులో ఎవరూ వినలేదన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

నిన్న అడ్వాన్సు కట్టేశాం. తమ్ముడి చదువుకు దాచింది కొంత కదలాల్సి వస్తుంది, ఇల్లు మారే ఆలోచన వాయిదా. ఎడిసన్ లెక్క గారికి ఇది నచ్చదని తెలుసు.

ఇక ఎఫ్-1కు ఇప్పుడే మారాలా, 21 దగ్గర పడ్డాక మారాలా?

ఎడిసన్ లెక్క

నచ్చలేదు. అయినా అన్నీ అడిగి తీసుకున్న నిర్ణయం, పిల్ల బాగా చదువుకోవాలి. నాలుగో ఏడాది వచ్చి ఎలా ఉందో ఇక్కడే రాయండి, నేను ఉంటాను.

వరుసలో ఉన్నాం

రెండు దారులున్నాయి. ఇక్కడే ఉండి ఐ-539 (వీసా హోదా మార్పు) దరఖాస్తుతో మారడం ఒకటి. అది నెలల తరబడి సాగవచ్చు. అది పెండింగులో ఉండగా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే. అందుకని ఆ మధ్యలో పెళ్లిళ్లకూ పండగలకూ ఇండియా టికెట్లు కొనకండి. రెండోది, ఇండియా వెళ్లి హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసా తీసుకుని రావడం. గ్రీన్ కార్డు దరఖాస్తు ఉన్నవారి పిల్లలకు అక్కడ ప్రశ్నలు ఎదురుకావచ్చు, అది మీ లాయరుతో మాట్లాడాకే చేయాలి.

ఏ దారైనా ముందు కాలేజీ నుంచి ఐ-20 (ఎఫ్-1 కోసం కాలేజీ ఇచ్చే పత్రం) తీసుకోవాలి. దానికి ఒక ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించాలి, సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు కట్టాలి. క్యాంపస్‌లో పని చేయాలనుకుంటే మొదట్లోనే మారడం మేలు, లేదంటే కనీసం 21 నిండడానికి ఏడాది ముందు మొదలుపెట్టండి. మేం ఆరు నెలలు ముందు మొదలుపెడితే చివరి వారాల్లో నిద్ర లేదు.

చలిలో చదువు

ఆంటీ, డాలస్ నుంచి డెమోయిన్‌కు నేరుగా విమానాలున్నాయి. సెలవుల మొదటి రోజు టికెట్లు ముందే కొనండి, అందరూ ఒకేసారి బయలుదేరతారు. చలికోటు మాత్రం డాలస్‌లో కొనకండి, అక్కడ దొరికేవి ఇక్కడి చలికి ఆగవు. అక్టోబరులో ఇక్కడికి వచ్చాక కొనుక్కోమనండి. చిన్న కుక్కరు ఒకటి పెట్టెలో పెట్టండి, గదిలో వాడనివ్వరు, హాస్టలు వంటగదిలో వాడుకోవచ్చు.